సముద్రంలో నిలబడ్డ మన రాయి

నరసరావుపేటలో జనవరి చివరి ఆదివారం. మధ్యాహ్నం రెండు దాటింది. భోజనాల బల్ల తుడిచిన తడి ఇంకా ఆరలేదు. పాత గోడ క్యాలెండరులోంచి డిసెంబరు కాగితం చింపి, వెనక తెల్లవైపు పైకి వచ్చేట్టు పరిచాను. మా ఆవిడ మంచినీళ్ళ చెంబుకు ఆనించి ఫోను నిలబెట్టింది. తెరమీద మా అమ్మాయి, దాని వెనక మెల్‌బోర్న్ ఇంటి కిటికీ, కిటికీలో వెలుతురు. అక్కడ రాత్రి ఏడున్నర.

"ఏడున్నరకి అంత వెలుగేందే?" అంటుంది మా ఆవిడ.

మనకు చలికాలమైతే వాళ్ళకు ఎండాకాలం. పైగా ఎండాకాలంలో గడియారం గంట ముందుకు తిప్పుకుంటారు. మనకంటే ఇప్పుడు ఐదున్నర గంటలు ముందున్నారు, ఏప్రిల్ మొదటి ఆదివారం దాటితే నాలుగున్నరే. ముప్పై ఏళ్ళు సాంఘికశాస్త్రం చెప్పినవాణ్ణి, ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు.

"నాన్నా, మీరు వచ్చినప్పుడు చూద్దామన్న గ్రేట్ ఓషన్ రోడ్డుకి ఒక్కరోజు చాలు. పొద్దున్నే బయల్దేరితే సముద్రంలో నిలబడ్డ ఆ పన్నెండు అపోస్తలుల రాళ్ళు చూసి రాత్రికి ఇంటికొచ్చెయ్యొచ్చు. అందరూ అట్టాగే చేస్తారు. టూరిస్టు బస్సులు కూడా అంతే."

"ఎంత దూరం?"

"లోపలి దారిన పోతే రెండొందల ముప్పై దాకా. సముద్రం పక్కనే పోతే ఇంకో యాభై ఎక్కువ."

పెన్సిలు పక్కన పెట్టాను. పోనూ రానూ ఐదు వందల కిలోమీటర్లు. ఇక్కణ్ణుంచి హైదరాబాదు వెళ్ళి, మధ్యాహ్నం అన్నం తిని, మళ్ళీ ఇంటికి వచ్చినట్టు. అదీ సగం దారి కొండ అంచున మలుపుల్లో. మధ్యలో ఏ ఊళ్ళోనూ కాలు పెట్టకుండా, చివర ఉన్న రాళ్ళ ముందు ఫొటో దిగి తిరిగొచ్చేదాన్ని ప్రయాణం అనడానికి నాకు మనసొప్పదు.

"రెండు రాత్రులు కావాలమ్మా," అన్నాను.

అల్లుడు తెరలోకి వంగాడు. "మామయ్యా, సెలవు సంగతి నేను చూసుకుంటా. మీరు దారి గీయండి."

గీస్తున్నాను. కాగితానికి కుడివైపు పైన మెల్‌బోర్న్, దాని కింద జీలాంగ్. అక్కణ్ణుంచి దక్షిణంగా సముద్రం మీదికి దిగితే టార్కే. రోడ్డు మొదలయ్యేది అక్కడే. పడమరకు 243 కిలోమీటర్లు పోయి వార్నాంబూల్ ఊరి ముందు అలన్స్‌ఫోర్డ్ దగ్గర ఆగుతుంది. ఏ కొస నుంచి మొదలుపెట్టాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. ఆస్ట్రేలియాలో బండ్లు మనలాగే ఎడమవైపు నడుస్తాయి, స్టీరింగు మనలాగే కుడివైపు. టార్కే నుంచి పడమరకు పోతుంటే సముద్రం మన ఎడమ చేతి పక్కన ఉంటుంది. ఆగాలనిపించినప్పుడు ఎదురు వచ్చే బండ్లకు అడ్డం పడకుండా పక్కకు తీసి ఆపుకోవచ్చు. అటునుంచి ఇటు వచ్చేవాడికి ఆ వీలు లేదు, నీళ్ళకూ వాడికీ మధ్య ఎదురు బండ్ల వరస ఉంటుంది. వెళ్ళేది టార్కే నుంచి, తిరిగి వచ్చేది లోపలి హైవే మీద. ఆ మాట రాసి కింద రెండు గీతలు గీశాను.

ఇక తేదీలు. మార్చి రెండో సోమవారం విక్టోరియా రాష్ట్రంలో కార్మిక దినం సెలవు, ఆ వారాంతం గదులు దొరకవు. ఈస్టర్‌కూ అంతే. అందుకని మార్చి మూడో వారం, మంగళవారం నుంచి గురువారం వరకు. అప్పటికి అక్కడ ఎండ తీవ్రత తగ్గుతుంది, పొద్దు మాత్రం ఏడున్నర ప్రాంతం వరకు ఉంటుంది. మనవరాలికి నాలుగేళ్ళు, ఇంకా పెద్దబడి గొడవ లేదు.

"చీకటి పడ్డాక కారు నడపొద్దు," అన్నాను.

"అసలు నడపను మామయ్యా. సాయంత్రం అయితే కంగారూలు రోడ్డు మీదికొస్తాయి. అడవిలో ఫోను సిగ్నలు కూడా ఉండదు. మ్యాపు ముందే ఫోన్లోకి దింపుకుంటా, అపోలో బే ఊరు దాటేముందు పెట్రోలు నింపుకుంటా."

నా లైసెన్సు సంగతీ అడిగాను. మన లైసెన్సు కార్డు ఇంగ్లీషులో ఉంటుంది కనుక, చూడటానికి వచ్చినవాళ్ళు దాంతోనే అక్కడ నడపొచ్చట. అంతర్జాతీయ పర్మిట్ వెంట ఉంటే అద్దెకార్ల వాళ్ళ దగ్గర మాట పడాల్సిన పని ఉండదు. నేను నడపను. అయినా తీసుకున్నాను. మూడు రోజుల దారిలో నడిపే మనిషి ఒక్కడే అయినప్పుడు, అతనికి ఒళ్ళు బాగాలేకపోతే ఇంకో చెయ్యి ఉండాలి.

మా ఆవిడ లెక్కంతా తిండి చుట్టూ తిరుగుతోంది. గోంగూర పచ్చడి, కందిపొడి, సున్నుండలు. కరివేపాకు కూడా అంటే అమ్మాయి అరిచింది. పచ్చి ఆకులు, పండ్లు, విత్తనాలు ఆ దేశంలోకి తీసుకుపోనివ్వరు. మిగతా ఏ తిండి వస్తువైనా విమానంలో ఇచ్చే కార్డు మీద ఉందని రాసి, దిగాక చూపించాలి. రాస్తే చూసి పంపిస్తారు లేదా తీసుకుంటారు. దాచిపెట్టి దొరికితే పెద్ద జరిమానా. పైరు మీదికి కొత్త తెగులు వస్తే ఏమవుతుందో మిరప రైతుల మధ్య బతికే మనకు ఇంకొకరు చెప్పాలా? ఆ నియమం నాకు నచ్చింది.

---

హైదరాబాదు విమానానికి బయల్దేరిన రోజు, నకరికల్లు దాటి పిడుగురాళ్ళ వచ్చేసరికి కారు ఆపించాను. నేను పుట్టిన ఊరు. మా నాన్న సున్నపు బట్టీలో లెక్కలు రాసేవాడు. ఊరి పొలిమేర తగలగానే గాలిలో ఆ వాసన, బొగ్గు పొగ, కాలిన రాతి వాసన. రోడ్డు పక్క చెట్ల ఆకుల మీద తెల్లటి పొడి. బట్టీలో రాయీ బొగ్గూ వరసలు వరసలుగా పోసి కాలుస్తారు. రాతిలోని బొగ్గుపులుసు గాలి ఎగిరిపోతుంది. వంద కిలోల మేలైన సున్నపురాయి కాలిస్తే మిగిలేది 56 కిలోల సున్నమే. ఆ తెల్లటి గడ్డ మీద నీళ్ళు పోస్తే నిప్పు లేకుండానే కుతకుత ఉడుకుతుంది. చిన్నప్పుడు దాని ముందు గంటలు గంటలు కూర్చునేవాణ్ణి.

ఈ రాయి ఎక్కడిదో పెద్దయ్యాక గాని తెలియలేదు. దాచేపల్లి, మాచర్ల సిమెంటు ఫ్యాక్టరీలు తినే రాయి, మన ఇళ్ళల్లో నేలకు పరిచే నాపరాయి, చేలకు కంచెగా పాతే పలక, అన్నీ సముద్రం అడుగున పేరుకున్నవే. కనీసం యాభై కోట్ల ఏళ్ళ కంటే పాత మాట. పలనాడు అప్పుడు నీళ్ళ కింద ఉంది. అమరావతి స్తూపానికి, నాగార్జునకొండ విహారాలకు శిల్పులు చెక్కింది ఈ పలనాటి రాయినే. వాటిలో కొన్ని పలకలు ఈనాడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

ఇప్పుడు నేను చూడబోయే ఆ పన్నెండు రాళ్ళూ సున్నపురాళ్ళే. ఒక్కరోజు చాలదని నేను పట్టుబట్టింది అందుకే. బట్టీ దగ్గర రాలిన ముక్క ఒకటి చేతిలోకి తీసుకున్నాను. బూడిద రంగు, అంచు కత్తిలా ఉంది. వేలితో గీస్తే గీత పడదు. కాసేపు పట్టుకుని, ఉన్నచోటే పెట్టేసి కారెక్కాను.

---

మంగళవారం ఉదయం తొమ్మిదిన్నర. టార్కే వెనకబడింది. అలల మీద పలకలేసుకుని జారే కుర్రాళ్ళ ఊరు అది, దుకాణాల నిండా ఆ సరంజామే. బెల్స్ బీచ్ దగ్గర పది నిమిషాలు ఆగాం. ఈస్టరప్పుడు ప్రపంచంలో పేరున్న సర్ఫర్లంతా పోటీకి వచ్చే చోటు. ఇవాళ నలుగురే ఉన్నారు, నల్లటి రబ్బరు బట్టల్లో, అల కోసం ఎదురుచూస్తూ. ఎయిరీస్ ఇన్‌లెట్‌లో 1891 నాటి లైట్‌హౌసు, తెల్లటి ఒళ్ళు, ఎర్రటి టోపీ. మనవరాలు దానికి చెయ్యూపింది.

ఆ తర్వాత చెట్లు తప్పుకుని రోడ్డు నీళ్ళ పక్కకు దిగింది. ఎదురుగా రోడ్డుకు అడ్డంగా దుంగలతో కట్టిన తోరణం.

"ఆపు బాబూ."

అల్లుడు ఎడమ పక్కకు తీసి ఆపాడు. ఈ ఊరి పేరు ఈస్టర్న్ వ్యూ. తలుపు తీయగానే గాలి మొహాన కొట్టింది, ఉప్పు గాలి, చల్లగా. మా ఆవిడ కొంగు తలచుట్టూ తిప్పుకుంది. తోరణం పక్కన కంచు విగ్రహం, రోడ్డు పని చేస్తున్న ఇద్దరు మనుషులు. వాళ్ళు కూలీలు. అంతకుముందు సైనికులు.

మొదటి ప్రపంచయుద్ధం నుంచి బతికొచ్చినవాళ్ళకు పని కావాలి, రానివాళ్ళకు గుర్తు కావాలి. రెండిటికీ కలిపి ఈ రోడ్డు. 1919లో మొదలుపెట్టారు, 1932లో పూర్తిచేశారు. ఇంచుమించు మూడువేల మంది మాజీ సైనికులు పలుగూ పారా చేతిబండీ పట్టుకుని, కొండ చరియను మందుగుండుతో పేల్చుకుంటూ తొలిచారు. పెద్ద యంత్రాలేమీ లేవు. డేరాల్లో కాపురం, రోజుకు ఎనిమిది గంటల పనికి పది షిల్లింగుల ఆరు పెన్నీల కూలి. ఈ తోరణం నుంచి లార్న్ వరకు ముక్క 1922 మార్చిలో తెరిచారు. ఖర్చు రాబట్టడానికి 1936 దాకా బండ్ల దగ్గర సుంకం తీసుకున్నారు. తోరణం 1983 కార్చిచ్చులో కాలిపోతే మళ్ళీ కట్టుకున్నారు.

ఈ రోడ్డు కోసం చందాలు పోగుచేసి, సొంత డబ్బు కూడా పెట్టినవాడు జీలాంగ్ నగర మేయరుగా చేసిన హోవర్డ్ హిచ్‌కాక్. 1932 నవంబరులో రోడ్డంతా తెరిచారు. ఆయన ఆ ఆగస్టులోనే పోయాడు. ప్రారంభం రోజు గవర్నరు కారు వెనక ఆయన కారును నడిపించారట, ఆయన కూర్చోవలసిన చోటు ఖాళీగా ఉంచి.

నేను విగ్రహం ముందు నిలబడి ఉన్నాను. మనసు మన పలనాటి కారెంపూడిలో ఉంది. నాగులేటి ఒడ్డున వీర్లగుడి. పన్నెండో శతాబ్దం చివర అక్కడ కొట్టుకుని చచ్చిపోయినవాళ్ళ ఆయుధాలు ఇవాళ్టికీ పూజలో ఉన్నాయి. కార్తీకం చివర అమావాస్యకు మొదలై ఐదు రోజుల ఉత్సవం, రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. మందపోరు నాడు కులం అడగకుండా అందరూ ఒక్క బంతిన కలిసి తింటారు. పోయినవాళ్ళ పేరు చెప్పుకుని బతికున్నవాళ్ళు ఒకచోట చేరడం అది. ఇక్కడివాళ్ళు పోయినవాళ్ళ పేరు చెప్పుకుని బతికున్నవాళ్ళు నడిచే దారి వేశారు. ఒకరు గొప్ప, ఒకరు తక్కువ అని కాదు. కానీ మన నాగార్జునసాగరు కూడా చేతులు కట్టిన రాతి ఆనకట్టే. 1955 నుంచి 1967 దాకా తట్టలు మోసి, రాళ్ళు పేర్చి నిలబెట్టిన ఆడామగా కూలీలు వేలమంది. ఆ గట్టు మీద నుంచి నీళ్ళు చూసి వచ్చేవాళ్ళలో ఎంతమంది వాళ్ళను తలచుకుంటారు? ఈ ప్రశ్న నన్ను లార్న్ వరకూ వదల్లేదు.

---

లార్న్ దాటాక రోడ్డు నిజంగా మొదలవుతుంది. కుడివైపు కొండ, ఎడమవైపు రోడ్డు అంచు, అంచు కింద సముద్రం. ఒక మలుపు తిరిగితే నీలం, ఇంకో మలుపు తిరిగితే పచ్చ, మూడో మలుపులో తెల్లటి నురగ. అల్లుడు నలభై, యాభై దాటడం లేదు. వెనక తొందరపడే బండి వస్తే పక్కన ఆపి దారిస్తున్నాడు. వేరే దేశాల నుంచి వచ్చి అలవాటుగా కుడివైపుకు పోయేవాళ్ళ కోసం ఎడమవైపే నడపమని అక్కడక్కడా బోర్డులు, రోడ్డు మీద బాణం గుర్తులు. మా ఆవిడ అల్లంముక్క బుగ్గన పెట్టుకుని కళ్ళు మూసుకుంది. మలుపుల దారికి ముందు కడుపు నిండా తినొద్దని అమ్మాయి చెప్పిన మాట విని ఉంటే బాగుండేది.

కెన్నెట్ రివర్ దగ్గర దిగి తలెత్తి నడిచాం. ఇరవై నిమిషాలు ఏమీ కనబడలేదు. ఆఖరికి మనవరాలే చూసింది, కొమ్మ చీలికలో బూడిదరంగు మూట. కోలా. నిద్రపోతోంది. రోజులో ఎక్కువ భాగం దానికి అదే పని. గట్టిగా మాట్లాడొద్దని అమ్మాయి పెదవుల మీద వేలు పెట్టింది.

కేప్ ప్యాటన్ మలుపు దగ్గర అల్లుడొక కథ చెప్పాడు. 1924లో కాసినో అనే ఓడ ఇక్కడ నేల తట్టుకుందట. బరువు తగ్గించుకోవడానికి ఐదు వందల పీపాల బీరు, నూట ఇరవై పెట్టెల సారా సముద్రంలోకి దొర్లించారు. అవి కొట్టుకొచ్చి రోడ్డు కూలీల కాళ్ళ దగ్గర పడ్డాయి. రెండు వారాలు పని సాగలేదు. యుద్ధం చూసొచ్చి, పన్నెండు నెలలూ వానలో ఎండలో రాయి పగలగొట్టే మనుషులు వాళ్ళు. ఆ రెండు వారాలు వాళ్ళకు దక్కినందుకు నాకు సంతోషంగా ఉంది.

రాత్రి అపోలో బేలో చిన్న గది. పెరుగన్నం, గోంగూర. విమానాశ్రయంలో కార్డు మీద రాసి చూపించిన డబ్బానే, అధికారి మూత తీసి చూసి పంపించాడు. కిటికీ మూసినా అల చప్పుడు వినబడుతోంది.

---

రెండో రోజు పొద్దున్న రోడ్డు సముద్రాన్ని వదిలేసి అడవిలోకి దూరింది. మెయిట్స్ రెస్ట్ అనే చోట చెక్కల బాట ఉంది, ముప్పావు కిలోమీటరు పైన. లోపల మసక వెలుతురు. తాటిచెట్టంత మానులకు గొడుగుల్లా విచ్చుకున్న ఫెర్న్ ఆకులు, నాచు పట్టిన మొదళ్ళు, ఎక్కడో నీటి బొట్టు పడుతున్న శబ్దం. ఈ ఆట్‌వే కొండలు గదుబనుద్ అనే ఆదివాసుల నేల. తెల్లవాళ్ళు రాకముందు వేల ఏళ్ళుగా ఈ చెట్ల మధ్య నడిచినవాళ్ళు వాళ్ళు.

బాట బయట రోడ్డు వార తెల్లటి మానుతో నిటారుగా పోయే చెట్లను చూసి మా ఆవిడ ఆగింది. "ఇది జామాయిల్ లాగా లేదూ?"

జామాయిలే. మన మెట్ట పొలాల్లో కాగితం మిల్లుల కోసం వేసే జామాయిలుకు పుట్టిల్లు ఆస్ట్రేలియా. ఇక్కడి మౌంటెన్ యాష్ ఆ జాతిదే, పూలు పూసే చెట్లలో ప్రపంచంలోకెల్లా ఎత్తైనవాటిలో ఇదొకటి. మన దగ్గర నాలుగేళ్ళకు నరికేసేదాన్ని ఇక్కడ దాని ఇష్టానికి వదిలేస్తే ఎట్టా పెరుగుతుందో ఆవిడ మెడ వెనక్కి వంచి చూస్తూ నిలబడింది. మెడ నొప్పి పుట్టేదాకా చూసింది.

సాయంత్రం నాలుగయింది. అడవి అయిపోయి గడ్డి మైదానాలు, ఆవులు. సముద్రం ఎక్కడా కనబడటం లేదు. ప్రిన్స్‌టౌన్ దాటాక ఉన్నట్టుండి నేల తెగిపోయింది. గిబ్సన్ స్టెప్స్. కొండ చరియలో తొలిచిన మెట్లు, 86. సముద్రం పోటు మీద ఉన్నా, చరియ విరిగిపడే ప్రమాదం ఉన్నా వీటిని మూసేస్తారు. అందుకే పాటు వేళ చూసుకుని ఈ గంటకు వచ్చేట్టు నరసరావుపేటలోనే రాసుకున్నాను. తెరిచే ఉన్నాయి.

దిగుతున్నాను. పదో మెట్టు దగ్గర ఆగి పక్కనున్న గోడ మీద అరచెయ్యి ఆనించాను.

మెత్తగా ఉంది. చల్లగా, గరుకుగా, ఇసుక కలిపిన సున్నం గోడలా. గోధుమ రంగు, తేనె రంగు పొరలు. చెయ్యి తీస్తే వేళ్ళకు పొడి అంటుకుంది. పిడుగురాళ్ళ రాయి వేలితో గీస్తే గీత పడలేదు, ఈ రాయి ముట్టుకుంటేనే రాలుతోంది. రెండూ సముద్రం అడుగున పుట్టినవే, కానీ వయసు వేరు. ఇది కోటిన్నర, రెండు కోట్ల ఏళ్ళది. గవ్వలు, సముద్రపు జీవాల పెంకులు నలిగి పేరుకుని అయిన రాయి. మన రాయి పేరుకునే నాటికి పెంకు కట్టుకునే జీవాలే ఇంకా పుట్టలేదు. అది ముసలిది, ఒత్తిడికి గట్టిపడింది. ఇది పసిది, ఇంకా ఎముక ముదరలేదు. ముదిరేలోపే సముద్రం తినేస్తోంది.

"ఏమండీ, ఏమైంది?" పై మెట్టు మీద నుంచి మా ఆవిడ.

"ఏంలేదు. దా, చెయ్యి పెట్టి చూడు."

పెట్టింది. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంది. "సున్నం వాసన లేదే?"

కాలిస్తే గాని రాదు, అన్నాను. కింద ఇసుకలోకి దిగి, బోర్డు మీద రాసినట్టే చరియకు దూరంగా నడిచాం. ఎదురుగా నీళ్ళలో రెండు బురుజులు, ఒక్కొక్కటి పదిహేను అంతస్తుల మేడంత. అడుగున అల కొట్టినప్పుడల్లా మోత ఛాతీలో తగులుతోంది. అల రాతి మొదలును ఏడాదికి సుమారు రెండు సెంటీమీటర్లు కొరుకుతుందట. ముందు చరియలో గుహ పడుతుంది. గుహ అటుపక్కకు తూట్లు పడి కమాను అవుతుంది. కమాను పైకప్పు కూలితే మిగిలేది ఒంటి స్తంభం. కొన్నాళ్ళకు అదీ పడుతుంది. పాఠంలో నల్లబల్ల మీద ఎన్నో ఏళ్ళు గీసిన బొమ్మ. ఈ చప్పుడు ఆ బొమ్మలో లేదు.

---

ఏడు గంటలు. పన్నెండు అపోస్తలుల ముందు చెక్కల గట్టు మీద నిలబడ్డాం. ఒకరోజు బస్సులు వెళ్ళిపోయాయి. ఉన్నది నలభై, యాభై మంది. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. సూర్యుడు స్తంభాల వెనక్కి జారుతుంటే ఒక్కొక్క రాయీ ముందు బంగారంగా, తర్వాత కాలిన ఇటుక రంగుకు తిరుగుతోంది. మనవరాలు కటకటాల మధ్య నుంచి వేలు చూపిస్తూ లెక్కపెడుతోంది. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

"తాతయ్యా, పన్నెండు లేవు."

లేవు. ఎప్పుడూ లేవు. పేరు పెట్టిననాటికే తొమ్మిది. పర్యాటకులు వస్తారని పెట్టిన పేరు అది. 2005 జులైలో యాభై మీటర్ల స్తంభం ఒకటి చూస్తుండగానే కుప్పకూలి రాళ్ళగుట్ట అయింది. మిగిలినవి ఎనిమిది, నిలబడ్డ చోటును బట్టి అన్నీ కనబడవు. అదిగో ఆ గుట్టే అని అల్లుడు చూపించాడు. అల దాని మీదుగా వెళ్ళి వస్తోంది.

అక్కణ్ణుంచి పోర్ట్ క్యాంప్‌బెల్ పది పన్నెండు కిలోమీటర్లే. గది అక్కడే తీసుకున్నాం, చీకట్లో దూరం పోనక్కర్లేకుండా. కాగితం మీద ఆ గీత గీసినప్పుడు ఇంత పని చేస్తుందనుకోలేదు. అందుకే పొద్దు గుంకేదాకా నిలబడగలిగాం.

మూడో రోజు ఉదయం లాక్ ఆర్డ్ లోయ. రెండు చరియల మధ్య ఇరుకు సందు, సందులోంచి లోపలికి వచ్చే సముద్రం, చిన్న ఇసుక ఒడ్డు. చూడటానికి ఊయలంత ప్రశాంతంగా ఉంది. 1878 జూన్ 1 తెల్లవారుజామున, ఇంగ్లండు నుంచి మూడు నెలలు ప్రయాణం చేసి మెల్‌బోర్న్‌కు చేరువైన లాక్ ఆర్డ్ ఓడ పొగమంచులో ఇక్కడి రాతికి కొట్టుకుంది. యాభై నాలుగు మందిలో బతికింది ఇద్దరు. టామ్ పియర్స్ అనే ఓడ కుర్రాడు, ఈవా కార్‌మైకేల్ అనే అమ్మాయి. ఇద్దరికీ ఇరవై లోపే. ఒడ్డుకు కొట్టుకొచ్చిన టామ్ ఆ అమ్మాయి కేక విని, మళ్ళీ నీళ్ళలోకి ఈది తీసుకొచ్చాడు. ఆ అమ్మాయి అమ్మానాన్నా, తోబుట్టువులూ ఆ ఓడలోనే పోయారు. కొత్త దేశంలో స్థిరపడదామని బయల్దేరిన కుటుంబం. తర్వాత ఆ పిల్ల ఐర్లండుకు తిరిగి వెళ్ళిపోయింది.

పైన గడ్డిలో సమాధులు. మా ఆవిడ వాటి ముందు చాలాసేపు నిలబడింది. మా అమ్మాయి చెయ్యి పట్టుకుని ఉంది, వదల్లేదు. దూరదేశం పంపిన పిల్ల గురించి తల్లి గుండెలో ఏముంటుందో నేను రాయలేను. మేము హైదరాబాదు నుంచి ఒక్కరోజులో వచ్చాం, రోజూ ఫోన్లో మొహాలు చూసుకుంటాం. అయినా ఆ చెయ్యి వదల్లేదు.

ఆ తర్వాతది త్వరగా అయిపోయింది. లండన్ బ్రిడ్జి అనే కమాను ముందు ఆగాం. 1990 జనవరి 15న ఒడ్డును కలిపే వంపు విరిగి నీళ్ళలో పడితే, అవతల చిక్కుకున్న ఇద్దరిని హెలికాప్టరుతో తెచ్చారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అక్కణ్ణుంచి బే ఆఫ్ ఐలాండ్స్, వార్నాంబూల్‌లో భోజనం. తిమింగలాలు చూసే కాలం కాదు, అవి జూన్ నుంచి సెప్టెంబరు మధ్య గాని అక్కడి తీరానికి రావు. మూడు గంటలు హైవే మీద తిరుగు ప్రయాణం. మనవరాలు నా ఒళ్ళో నిద్రపోయింది. చూపుడువేలి గోటి సందులో ఇంకా ఆ రాతి పొడి.

పలనాటి నుంచి పిల్లల దగ్గరికి మెల్‌బోర్న్ వెళ్ళే అమ్మలకూ నాన్నలకూ ఒక మాట. ఒక్కరోజు బస్సు ఎక్కకండి. మొహమాటపడకుండా రెండు రాత్రులు అడగండి, ఒకటి అపోలో బేలో, ఒకటి పోర్ట్ క్యాంప్‌బెల్‌లో. టార్కే వైపు నుంచే వెళ్ళండి. తోరణం దగ్గర దిగి ఆ ఇద్దరు కూలీల ముందు ఒక్క నిమిషం నిలబడండి. గిబ్సన్ మెట్లు తెరిచి ఉంటే కిందికి దిగుతూ గోడ మీద చెయ్యి పెట్టండి. వెళ్ళే ముందు పిడుగురాళ్ళలో ఆగి మన రాయిని కూడా ఒకసారి ముట్టుకుని వెళ్ళండి.